పెరటి మట్టిలో సీసం: టెస్ట్‌కు పంపే ముందు, రిపోర్ట్ చేతికొచ్చాక

ఒకే పెరట్లో రెండు చోట్ల మట్టి తీసి ల్యాబ్‌కు పంపితే ఒకదాంట్లో సీసం 60 పీపీఎం, ఇంకోదాంట్లో 900 పీపీఎం అని రావచ్చు. ల్యాబ్ పొరపాటు పడిందని అనుకోనక్కర్లేదు, రెండూ నిజమే కావచ్చు. మొదటిది పెరటి మధ్యలో తీసిన మట్టి, రెండోది పాత ఇంటి గోడ పక్కన చూరు నీళ్లు పడే చోట తీసినది అయితే చాలు. అందుకే "మా మట్టిలో సీసం ఎంత?" అనే ప్రశ్నకు ఒక్క అంకెలో జవాబు దొరకదు. అది ఏ చోటి మట్టి, ఎంత లోతు నుంచి తీశారు, ల్యాబ్‌లో దాన్ని ఏం చేశారు, ఆ చోట రోజూ ఎవరు తిరుగుతారు అనేవి తెలిస్తేనే ఆ అంకె ఏం చెబుతోందో అర్థమవుతుంది.

పీపీఎం లెక్క సులువే. కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాముల సీసం ఉందో అదే పీపీఎం. కొన్ని రిపోర్టుల్లో కిలోకు మిల్లీగ్రాములని రాస్తారు, రెండూ ఒకటే. సీసం భూమిలో సహజంగానే ఉంటుంది. బయటి కాలుష్యం పెద్దగా సోకని నేలల్లో మామూలుగా 10 నుంచి 50 పీపీఎం దాకా కనిపిస్తుంది. కాబట్టి ఎంత మంచి మట్టి అయినా రిపోర్టులో సున్నా రాదు. రావాలని ఆశపడనూ అక్కర్లేదు.

ఆ సీసం ఎలా చేరింది?

పెట్రోల్‌లో సీసం కలిపి అమ్మడం 1923లో అమెరికాలో మొదలైంది. ప్రపంచంలో ఆఖరి దేశంగా అల్జీరియా దాన్ని 2021లో ఆపేసింది. మధ్యలో దాదాపు వందేళ్లపాటు బళ్ల పొగలోంచి వచ్చిన సీసం రోడ్ల పక్కన నేల మీద పడుతూనే ఉంది. పెయింట్ కథ ఇంకా పాతది. తెల్ల రంగుకు సీసం కార్బొనేట్, పసుపు రంగుకు సీసం క్రోమేట్ వాడేవారు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. చాలా దేశాల్లో ఈ పని ఇంకా ఆలస్యంగా జరిగింది, కొన్నిచోట్ల ఇప్పటికీ పూర్తి కాలేదు. వీటికి తోడు ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పండ్ల తోటల్లో పురుగుల మందుగా సీసం ఆర్సెనేట్ కొట్టేవారు. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, గనులు, చెత్త తగలబెట్టిన స్థలాలు సరేసరి.

ఈ సీసం ఎక్కడికీ పోదు. మట్టిలోని బంకకూ, సేంద్రియ పదార్థానికీ అంటుకుని ఉండిపోతుంది. వాన నీటితో కిందికి దిగేది చాలా తక్కువ. ఎవరూ తవ్వకపోతే దశాబ్దాల తర్వాత కూడా పైనున్న కొద్ది సెంటీమీటర్లలోనే దొరుకుతుంది. కుళ్లి విరిగిపోవడానికి అది పురుగుమందు లాంటి రసాయనం కూడా కాదు, మూలకం. పెట్రోల్ మారి ఎన్నేళ్లయినా రోడ్డు పక్క మట్టి మారకపోవడానికి కారణం ఇదే.

ఏ దారిన వచ్చిందో దాన్ని బట్టి పెరట్లో సీసం పరుచుకునే తీరు ఉంటుంది. పెయింట్‌ది అయితే గోడ పక్కన రెండు మూడు అడుగుల్లో గట్టిగా ఉండి, దూరం పోయేకొద్దీ గబగబా తగ్గుతుంది. పెట్రోల్‌ది అయితే రోడ్డు వైపు ఎక్కువ. పాత తోట భూమి అయితే స్థలమంతా కొంచెం అటూ ఇటూగా పరుచుకుని ఉంటుంది, వెంట ఆర్సెనిక్ కూడా ఉంటుంది. అందుకే మట్టి తవ్వే ముందు ఆ స్థలం పాత సంగతులు ఆరా తీయడం దండగ పని కాదు. ఇల్లు ఎప్పుడు కట్టారు, గోడల పెయింట్ ఎప్పుడైనా గీకారా, ముందు అక్కడ షెడ్డో గ్యారేజో ఉండేదా అని ఇరుగుపొరుగు పెద్దవాళ్లను అడిగితే సగం సమాచారం పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

అయితే ఈ ఊహలు మోసం చేసే సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో హోవార్డ్ మీల్కీ బృందం పెరటి తోటల మట్టిని పరీక్షించి 1983లో ఫలితాలు ప్రచురించింది. సీసం పెయింట్ నుంచే వస్తుందని అప్పట్లో అందరి నమ్మకం. తీరా చూస్తే ఎక్కువ సీసం నగరం నడిబొడ్డున బయటపడింది. అక్కడివి ఎక్కువగా పెయింట్ లేని ఇటుక ఇళ్లు. బళ్ల రద్దీ మాత్రం విపరీతం. పెట్రోల్ మీద అనుమానం బలపడటానికి పెరటి మట్టి సాక్ష్యం అలా పనికొచ్చింది.

కూరగాయల కన్నా దుమ్ముతోనే ఎక్కువ గొడవ

మట్టిలో సీసం ఉందనగానే జనానికి మొదట వచ్చే భయం కూరగాయల గురించి. నిజానికి మొక్కలు సీసాన్ని పీల్చుకోవడంలో పెద్ద సమర్థులు కావు. వేళ్లు కొంత పట్టుకున్నా కాండం దాటి కాయ దాకా చేరేది చాలా తక్కువ. టమాటా, బీన్స్, గుమ్మడి లాంటి కాయల్లో సమస్య అంతగా ఉండదు. ఆకుకూరలకూ దుంపలకూ కాస్త జాగ్రత్త కావాలి. ఆకుల మీదికి వాన చినుకులు మట్టిని చిందిస్తాయి, ముడతల్లో దుమ్ము చిక్కుకుంటుంది. దుంపలైతే మట్టిలోనే పెరుగుతాయి, వాటి తొక్కకు మట్టి అంటుకునే ఉంటుంది. బాగా కడిగి, తొక్క తీసేస్తే చాలావరకు పోతుంది. పెరట్లో కోళ్లు పెంచేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కోళ్లు మట్టిని నేరుగా మింగుతాయి, ఆ సీసం గుడ్లలోకి వస్తుంది.

అసలు ముప్పు పిల్లల చేతుల నుంచి నోటికి వెళ్లే దుమ్ము. చిన్నపిల్ల ఆటల్లో రోజుకు 100 మిల్లీగ్రాముల మట్టీ దుమ్మూ మింగుతుందనుకుందాం. శాస్త్రజ్ఞులు లెక్కల్లో వాడే అంచనాలు దాదాపు ఇలాగే ఉంటాయి. అది చిటికెడు కూడా ఉండదు. ఆ మట్టిలో సీసం 400 పీపీఎం అయితే ఆ కాస్తలోనే 40 మైక్రోగ్రాముల సీసం పోయినట్టు. అందులో దాదాపు 30 శాతం ఒంట్లోకి ఇంకుతుందని అమెరికా పర్యావరణ సంస్థ తన నమూనా లెక్కల్లో అనుకుంటుంది. అంటే 12 మైక్రోగ్రాములు. పోల్చి చూడటానికి ఒక సంగతి: పిల్లలు తిండి ద్వారా మింగే సీసం రోజుకు 2.2 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా ఆహార సంస్థ 2022లో ఒక సూచిక పెట్టుకుంది. ఆ 40తో పోలిస్తే అది ఎంత చిన్నదో చూడండి.

పెద్దవాళ్లకంటే చిన్నపిల్లల ఒళ్లు మింగిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకోగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని పొరబడుతుంది, ఎముకల్లో దాచుకుంటుంది. ఐరన్, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ. మెదడు ఎదిగే వయసులో ఇంత అయితే పరవాలేదు అని చెప్పగలిగే మోతాదు ఏదీ ఇప్పటిదాకా తేలలేదు.

అందుకే నా దృష్టిలో మొదట పరీక్ష చేయించాల్సింది వంగ మడి మట్టి కాదు. పిల్లలు కూర్చుని ఆడే చోట, గడ్డి లేకుండా బయటపడ్డ నేల. చాలామంది ఈ వరుసను తిరగేస్తారు.

మట్టి తీయడంలోనే సగం ఫలితం

ఇంత లోతు నుంచి తీయాలి అనే ఒకే కొలత లేదు. ఏం తెలుసుకోవాలనుకుంటున్నామో దాన్ని బట్టి లోతు మారుతుంది. ఆడుకునే చోటయితే పై రెండు మూడు సెంటీమీటర్ల మట్టి చాలు, ఎందుకంటే చేతికి అంటేది అదే. అక్కడ అడుగు లోతు తవ్వి కలిపేస్తే కింది శుభ్రమైన మట్టి పైదాన్ని పలుచన చేసి అంకెను తగ్గించేస్తుంది. కూరగాయల మడిలో మాత్రం 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా తీయాలి. అక్కడి మట్టిని ఎటూ తిరగేస్తూనే ఉంటాం, వేళ్లూ అంత లోతు వెళ్తాయి.

ఒక్కో చోటును ఒక్కో భాగంగా విడదీసుకోవాలి: చూరు కింద పట్టీ, ఆట స్థలం, మడులు, రోడ్డు వైపు అంచు. ఒక్కో భాగంలో ఐదు నుంచి పది చోట్ల కాస్త కాస్త మట్టి తీసి, శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్‌లో బాగా కలిపి, అందులోంచి ఒక కప్పు తీసి కవర్లో వేయాలి. ఒక భాగం మట్టిని ఇంకో భాగంతో కలపకూడదు. డబ్బు మిగులుతుందని పెరడంతా కలిపి ఒకే శాంపిల్ పంపేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఐదు చోట్లలో నాలుగింట 50 పీపీఎం, ఒక్కచోట 1000 ఉందనుకోండి. కలిపితే 240 వస్తుంది. ఆ అంకె పెరట్లో ఏ ఒక్క చోటిదీ కాదు. భయపడాల్సిన మూల దాని వెనక దాక్కుంటుంది, భయం అక్కర్లేని నాలుగు చోట్లకు అనవసరంగా మచ్చ పడుతుంది.

తాపీ స్టెయిన్‌లెస్ స్టీల్‌దో ప్లాస్టిక్‌దో వాడితే మంచిది. పాత పెయింట్ ఉన్న పనిముట్లు వద్దు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లేటప్పుడు తుడిచి కడగాలి. ఆకులూ రాళ్లూ గడ్డి వేళ్లూ ఏరేసి నీడలో ఆరబెట్టాలి. ప్రతి కవరు మీదా చోటు, లోతు, తేదీ రాయాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ రిపోర్టులు వచ్చాక "ఇది ఏ మూలది?" అని తల పట్టుకోకుండా కాపాడేది ఇదే.

పెయింట్ పెచ్చుల గురించి విడిగా చెప్పాలి. ల్యాబ్ మీరు పంపిన కప్పు మట్టినంతా కరిగించదు. అందులోంచి ఒక గ్రామో, ఇంకా తక్కువో తీసుకుంటుంది. ఆ గ్రాములో 20 శాతం సీసం ఉన్న 5 మిల్లీగ్రాముల పెయింట్ పొడి పడిందంటే, అదొక్కటే 1000 పీపీఎం చూపిస్తుంది. పక్క గ్రాములో ఆ పొడి లేకపోతే ఫలితం మామూలుగానే వస్తుంది. గోడ పక్క మట్టికి రెండుసార్లు టెస్ట్ చేయిస్తే రెండు రకాలుగా రావడానికి ఎక్కువగా ఇదే కారణం. అలాంటప్పుడు ఒకదాన్ని అబద్ధమని కొట్టేయకుండా "ఇక్కడ పెచ్చులు ఉన్నాయి" అనే కబురుగా తీసుకోవడం మేలు.

ల్యాబ్‌ను ఏమని అడగాలి?

సీసం కొలిచే పద్ధతులు చాలానే ఉన్నాయి, అవి కొలిచేది ఒకే దాన్ని కాదు. మొత్తం సీసం తేల్చాలంటే మట్టిని వేడి నైట్రిక్ ఆమ్లంలో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి కరిగించి, ఆ ద్రావణాన్ని ఐసీపీ అనే యంత్రంలో కొలుస్తారు. ప్రభుత్వాల ప్రమాణాలన్నీ దాదాపు ఈ మొత్తం మీదే ఉంటాయి. వ్యవసాయ ల్యాబ్‌లు మాత్రం పోషకాల కోసం వాడే మెహ్లిక్-3 లాంటి బలహీనమైన ద్రావణంతోనే సీసాన్నీ చూసి ఒక అంకె ఇస్తాయి. అందులో బయటికొచ్చేది సీసంలో ఒక భాగమే. ఆ అంకెను తెచ్చి మొత్తం సీసం ప్రమాణంతో పోల్చుకుని హాయిగా నిద్రపోతే ప్రమాదం. కాబట్టి ల్యాబ్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న: మీరు చెప్పేది మొత్తం సీసమా, ద్రావణంలోకి దిగినంత మటుకేనా?

ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనేది చేతిలో పట్టుకునే తుపాకీ లాంటి యంత్రం. ఎక్స్‌కిరణాలు పంపి, మట్టి తిరిగి వెదజల్లే కిరణాలను బట్టి నిమిషాల్లో అంకె చెబుతుంది. ఆస్ట్రేలియాలో మెక్వారీ యూనివర్సిటీ మొదలుపెట్టిన వెజ్‌సేఫ్ కార్యక్రమం ఇలాంటి యంత్రాలతోనే వేలమంది తోట మట్టిని పరీక్షించింది. తడి మట్టి మీద పెడితే ఇది తక్కువ చూపిస్తుంది, కాబట్టి ఆరబెట్టి, జల్లించి చూడాలి. ఇంకో చిక్కు ఉంది. సీసం, ఆర్సెనిక్ రెండూ వెదజల్లే ముఖ్యమైన కిరణాల శక్తి దాదాపు ఒకటే. సీసం బాగా ఎక్కువున్న మట్టిలో ఈ యంత్రం చెప్పే ఆర్సెనిక్ అంకెను అంత గట్టిగా నమ్మకూడదు. పాత పండ్ల తోట భూమి అయితే ఆర్సెనిక్‌ను ల్యాబ్‌లోనే చూపించుకోవాలి.

రంగు మారే పుల్లలతో ఇంట్లోనే చూసుకునే కిట్లు దొరుకుతాయి. అవి పెయింట్ మీద రుద్దడానికి చేసినవి. మట్టిలో కొన్ని వందల పీపీఎం తేల్చే పని వాటివల్ల కాదు. రంగు రాలేదు కాబట్టి సీసం లేదనుకోవడం శుద్ధ పొరపాటు.

జల్లెడ కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. మామూలుగా ల్యాబ్‌లు 2 మిల్లీమీటర్ల జల్లెడ వాడతాయి. చేతికి అంటుకునేది మాత్రం అంతకంటే చాలా సన్నటి పొడి, సీసం కూడా ఆ సన్నటి రేణువుల్లోనే ఎక్కువగా చేరుతుంది. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ 2016లో 250 మైక్రాన్ల (పావు మిల్లీమీటరు) జల్లెడ నుంచి 150 మైక్రాన్లకు దిగింది. ఆట స్థలం మట్టికి ఆ సన్న జల్లెడ ఉందేమో అడగడం మంచిది.

ఇంకా లోతైన ప్రశ్న మింగిన సీసంలో ఎంత ఒంటబడుతుందన్నది. దీనికో పరీక్ష ఉంది. కడుపులోని ఆమ్లాన్ని పోలిన ద్రావణాన్ని, గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం కలిపి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 1.5 దగ్గర ఉంచి, 37 డిగ్రీల వేడిలో గంటసేపు మట్టితో కలియబెడతారు. ఎంత సీసం కరిగిందో చూస్తారు. పెయింట్‌లోని సీసం కార్బొనేట్ బాగా కరుగుతుంది. గని రాయిలోని సీసం సల్ఫైడ్ అంతగా కరగదు. ఒకే 500 పీపీఎం అంకె రెండు చోట్ల రెండు రకాల ముప్పు కావడానికి కారణం ఇది. మొత్తం సీసం ప్రభుత్వ ప్రమాణం గీతకు దగ్గర్లో ఉండి నిర్ణయం తేలనప్పుడే ఈ ఖర్చు పెట్టడం సబబు. 40 పీపీఎంకూ, 3000 పీపీఎంకూ ఇది దండగ.

అంకెను దేనితో పోల్చాలి?

ఇక్కడ గందరగోళం తప్పదు. అమెరికాలో 2001 నుంచి ఆట స్థలాల మట్టికి 400 పీపీఎం, మిగతా పెరటికి 1200 అనే గీతలున్నాయి. కలుషిత నివాస స్థలాలను వడగట్టేందుకు వాడే అంకెను 2024 జనవరిలో 200కు దించారు. కాలిఫోర్నియా ఏనాడో 80 పెట్టుకుంది. పిల్లల రక్తంలో సీసాన్ని డెసిలీటర్‌కు ఒక్క మైక్రోగ్రాము కూడా పెంచకూడదనే లెక్కతో అది వచ్చింది. కెనడాలో నివాస స్థలాలకు 140. జర్మనీలో పిల్లల ఆట స్థలాలకు 200, నివాసాలకు 400. బ్రిటన్‌లో కూరగాయలు పెంచే ఇంటి తోటకు 200, కేవలం సాగు కోసం అద్దెకిచ్చే చిన్న మడులకు 80.

మట్టి ఒకటే, మనుషులూ ఒకటే అయినప్పుడు ఇన్ని అంకెలెందుకు? పిల్లలు ఎంత మట్టి మింగుతారు, అందులో ఎంత ఒంటబడుతుంది, రక్తంలో ఎంత పెరిగితే ఒప్పుకోలేం, పెరటి పంట ఎంత తింటారు అనే వాటిని ఒక్కో దేశం ఒక్కో రకంగా లెక్కేసింది. శుభ్రం చేసే ఖర్చు కూడా ఆ అంకెల్లో దాగి ఉంటుంది. ఇవి ఇటు క్షేమం, అటు విషం అని విడదీసే గీతలు కావు, ఇక్కడి నుంచి ఇంకాస్త జాగ్రత్తగా చూడమని చెప్పే గుర్తులు. 195కూ 205కూ తేడా ఏమీ లేదు. పరీక్షలో వచ్చే హెచ్చుతగ్గే అంతకంటే ఎక్కువ ఉంటుంది.

నన్నడిగితే 80 లోపు ఉంటే దాని గురించి మర్చిపోవచ్చు. 80 నుంచి 200 మధ్యలో చేతులు కడుక్కోవడం, ఖాళీ నేలను కప్పడం లాంటి అలవాట్లు చాలు. 200 దాటితే పిల్లలు ఆడే చోటును మార్చడమో కప్పడమో చేయాలి, ఆకుకూరలూ దుంపలూ వేరే మట్టిలో వేసుకోవాలి. వెయ్యి దాటితే స్వయంగా తవ్వి ఎత్తిపోయడం మొదలుపెట్టకుండా తెలిసినవాళ్లను పిలవాలి. లేపిన దుమ్ము పొరుగింటికీ, మీ ఇంట్లోకీ చేరుతుంది.

ఎక్కువ వస్తే ఏం చేయాలి?

పొద్దుతిరుగుడు నాటితే సీసాన్ని లాగేస్తుందని ఒక ప్రచారం ఉంది. లెక్క వేసి చూద్దాం. చదరపు మీటరు నేలలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి దాదాపు 200 కిలోలు. 400 పీపీఎం నుంచి 200కు దించాలంటే అందులోంచి 40 గ్రాముల సీసం బయటికి తీయాలి. ఏడాదికి ఆ చదరపు మీటరులో 2 కిలోల ఎండు మొక్క పెరిగి, అందులో 100 పీపీఎం సీసం చేరుతుందని ఉదారంగా అనుకున్నా ఏడాదికి పోయేది 0.2 గ్రాములు. రెండు వందల ఏళ్లు పడుతుంది. ఈలోపు కోసిన మొక్కలను ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి. మట్టిలో సీసాన్ని కరిగించే రసాయనాలు పోసి మొక్కల చేత ఎక్కువ లాగించే పద్ధతి కూడా ఉంది. అలా కరిగిన సీసం భూగర్భ జలాల్లోకి దిగే ముప్పుంది కాబట్టి ఇళ్ల దగ్గర దాని జోలికి పోకపోవడమే మంచిది.

పనిచేసేవి సాదాసీదా పనులు. ఖాళీ నేల మీద గడ్డి పెంచడం, లేకపోతే చెక్కపొట్టో ఎండు ఆకులో మందంగా పరచడం. కంపోస్ట్ బాగా కలపడం. ఇది సీసాన్ని కొంత పలుచన చేస్తుంది, కొంత పట్టి ఉంచుతుంది. మట్టి పులుపెక్కి ఉంటే సున్నం వేసి పీహెచ్‌ను 6.5 నుంచి 7 మధ్యకు తేవడం. ఫాస్ఫేట్ వేస్తే సీసం పైరోమార్ఫైట్ అనే కరగని ఖనిజంగా మారుతుంది. కానీ ఆర్సెనిక్ కూడా ఉన్న నేలలో ఇదే ఫాస్ఫేట్ ఆర్సెనిక్‌ను కదిలిస్తుంది, కాబట్టి పాత తోట భూముల్లో గుడ్డిగా వేయకూడదు. కూరగాయలకు నేల మీద గుడ్డ పరిచి, ఎత్తుగా చట్రం కట్టి, తెచ్చిన మట్టి నింపుకోవడం అన్నిటికంటే తేలిక. ఆ తెచ్చిన మట్టికీ ఒకసారి టెస్ట్ చేయించాలి. చుట్టూ ఉన్న నేల ఖాళీగా ఉంటే గాలికి లేచిన దుమ్ము ఆ ఎత్తు మడుల్లోకి కూడా చేరుతుంది. బోస్టన్‌లో శుభ్రమైన మట్టితో మొదలైన మడుల్లో కొన్నేళ్లకే సీసం పెరగడాన్ని పరిశోధకులు గమనించారు. కాబట్టి మడుల మధ్య దారులనూ కప్పాలి, మడి పైపొరను అప్పుడప్పుడు మార్చాలి.

సున్నం, ఫాస్ఫేట్ వేశాక మళ్లీ మొత్తం సీసం పరీక్ష చేయిస్తే అంకె దాదాపు అంతే వస్తుంది. సీసం ఎక్కడికీ పోలేదు మరి, రూపం మార్చుకుంది. ఆ మార్పు కనిపించేది గ్లైసిన్ పరీక్షలోనే. పైన కొత్త మట్టి పోసి కప్పినచోట మాత్రం పై రెండు సెంటీమీటర్లకు మామూలు పరీక్షే సరిపోతుంది. ఏడాది రెండేళ్లకోసారి చూసుకుంటే పాత మట్టి పైకి వస్తోందో లేదో తెలుస్తుంది.

ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, రిపోర్టులో అంకె ఎక్కువగా వచ్చి, ఇన్నాళ్లూ వాళ్లు అక్కడే ఆడుకుని ఉంటే, మట్టి పరీక్షతో తేలని సంగతి ఒకటి మిగులుతుంది. వాళ్ల ఒంట్లోకి ఎంత వెళ్లిందో మట్టి చెప్పదు, రక్త పరీక్ష చెబుతుంది. వేలు గుచ్చి తీసిన రక్తంలో చర్మం మీది దుమ్ము కలిసి అంకె పెరగొచ్చు, కాబట్టి ఎక్కువ వస్తే సిర నుంచి తీసిన రక్తంతో మళ్లీ చూస్తారు. డెసిలీటర్‌కు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికాలో 2021 నుంచి లెక్క. అలా వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మట్టి రిపోర్టు కూడా తీసుకెళ్లండి, సీసం ఎటు నుంచి వస్తోందో వెతికేటప్పుడు వాళ్లు మొదట అడిగేవాటిలో అదొకటి.